ఇంటి యంత్రమునకు నకలు - పునరుద్ధరణ



ప్రభుత్వ కార్యాలయములందు పనిచేయువారికి నకలు అను మాట కొత్తది కాదు. అసలు కాగితము ఒకచోటను, దాని నకలు వేరొకచోటను ఉండవలెనను నియమమును ఉద్యోగమున చేరిన తొలిదినములలోనే గుమాస్తాలు నేర్చుకొందురు. ఐనను ఆ నియమము కార్యాలయపు గడప దాటి ఇంటికి వచ్చుట అరుదు. నేటి ఇండ్లలో దీపములను, పంకాలను, నీటి మోటారును తనంతట తానే నడుపు ఒక చిన్న యంత్రము ప్రవేశించినది. దానికి నకలు ఉన్నదా? ఉన్నచో, ఆ నకలునుండి ఇంటిని మరల నడిపింప సాధ్యమగునా? ఈ రెండు ప్రశ్నలే ఈ ప్రసంగమునకు విషయము.

ఇంటి ఆటొమేషన్ అనగా, చీకటి పడగానే వరండా దీపము వెలుగుట, మేడమీది ట్యాంకు నిండగానే మోటారు ఆగుట, అర్ధరాత్రి వృద్ధులు లేచి నడచినపుడు నడవలో సన్నని దీపము వెలుగుట, వంటయింట గ్యాసు లీకైనచో గంట మ్రోగుట మొదలగు పనులను ఒక నియమావళి ప్రకారము జరిపించు ఏర్పాటు. ఈ ఆలోచనకు అరువది ఏండ్ల చరిత్ర కలదు. 1966లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున జిమ్ సదర్లాండ్ అను వెస్టింగ్‌హౌస్ ఇంజనీరు, మిగిలిపోయిన విడిభాగములను కూర్చి ఎకో ఫోర్ అను కంప్యూటరును తన యింటికై నిర్మించెను. 1975లో స్కాట్లండులోని ఒక సంస్థ ఎక్స్-టెన్ అను పద్ధతిని రూపొందించెను. ఇంటి విద్యుత్తు తీగల మీదుగనే ఆజ్ఞలను పంపుట దాని విశేషము. 2013లో పౌలస్ షౌట్సెన్ అను యువకుడు హోమ్ అసిస్టెంట్ అను ప్రోగ్రామును ప్రారంభించి, అందరికిని ఉచితముగా నందించెను. దాని బాధ్యతను 2024 నుండి ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అను లాభాపేక్షలేని సంస్థ వహించుచున్నది. ఒకప్పుడు ఒక పెద్ద కంప్యూటరు చేయు పనిని నేడు అరచేతిలో ఇముడు పెట్టె చేయుచున్నది.

ఇట్టి యంత్రమునందు విలువైనది పెట్టెలో నిలిచియున్న నియమావళి. పెట్టెను ఎప్పుడైనను మరల కొనవచ్చును. నియమములు మాత్రము ఒక్క దినమున ఏర్పడినవి కావు. అమ్మమ్మగారు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేతురు గావున గీజరు మూడున్నరకు పని మొదలిడవలెనని, కుళాయి నీరు వచ్చు వేళ మారినది గావున మోటారు వేళయు మారవలెనని, వేసవిలో ఒక విధముగను శీతకాలమున వేరొక విధముగను పంకాలు తిరుగవలెనని, సంవత్సరముల తరబడి ఒక్కొక్కటిగా చేర్చుచు వచ్చిన అనుభవము అది. ఆ ఇంటివారి దినచర్యయే అందు వ్రాయబడియున్నదనవచ్చును. పెట్టె చెడినపుడు దానితోపాటు పోవునది ఆ వ్రాతయే.

అది చెడుటకు కారణములు సామాన్యమైనవే. పెక్కు ఇండ్లలో ఈ పెట్టె రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరు. దాని జ్ఞాపకమంతయు గోరంత మెమరీ కార్డులో నుండును. ఆ కార్డుపై ఇన్నిమారులే వ్రాయవచ్చునను పరిమితి కలదు. ఇంటి యంత్రమో, దీపము వెలిగిన ప్రతిమారును, గది వేడిమి మారిన ప్రతిమారును ఆ సంగతిని నమోదు చేయుచునే యుండును. కాలక్రమమున కార్డు అరిగిపోవును. వ్రాయుచున్న క్షణముననే కరెంటు పోయినచో వ్రాత సగములో తెగి, యంత్రము మరల లేవకపోవచ్చును. వేసవి సాయంకాలములందు కాల్‌బైశాఖి గాలివానలు విరుచుకుపడు ఖరగ్‌పూర్ వాసులకు ఈ అపాయమును వర్ణించి చెప్పనక్కరలేదు. ఇన్వర్టరును, మెమరీ కార్డునకు బదులు దృఢమైన ఎస్ఎస్‌డీని అమర్చినచో ఈ ప్రమాదము చాలవరకు తగ్గును; కాని తొలగిపోదు.

రైల్వే ఉద్యోగముల నిమిత్తము బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండియు ఆంధ్రదేశము విడిచి వచ్చిన కుటుంబములు ఈ పట్టణమున తరతరములుగా స్థిరపడియున్నవి. పదవీ విరమణ చేసిన తల్లిదండ్రులు ఇచటనే యుందురు. సంతానము బదిలీమీద వేరొక రాష్ట్రమునకో, చదువుమీద వేరొక దేశమునకో పోవును. అట్టి ఒక ఇంటిని ఊహింపుడు. కుమారుడు సెలవులలో వచ్చినపుడు ముచ్చటపడి యంత్రమును అమర్చి పోయినాడు. రెండేండ్లు అది చక్కగా పనిచేసినది. ఒక గాలివాన రాత్రి కరెంటు పోయి వచ్చిన తరువాత నడవ దీపము వెలుగలేదు. తెల్లవారి మోటారు తిరుగలేదు. తండ్రి టెలిఫోను చేసినాడు. వేయి మైళ్ల దూరమునుండి కుమారుడు ఏమి చెప్పగలడు? నకలు ఉన్నచో, అది ఎక్కడనున్నదో, ఎవ్వరు ఎట్లు దానిని కొత్త పెట్టెలోనికి ఎక్కింపవలెనో వ్రాసి పెట్టినచో, పొరుగింటి కాలేజీ కుర్రవాడు ఒక గంటలో ఆ ఇంటిని యథాస్థితికి తేగలడు. లేనిచో కుమారుని మరుసటి సెలవు వరకు వృద్ధదంపతులు చీకటి నడవలో గోడ పట్టుకొని నడువవలసినదే. ఈ విషయమునందలి అసలు చిక్కు ఇది. యంత్రమును అమర్చిన చేయి ఒకటి, దానిపై ఆధారపడిన ప్రాణములు వేరు.

ఈ చిక్కునకు పరిష్కారము పట్టణపు పొలిమేరలలోనే దొరకును. పశ్చిమ బెంగాల్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పరచిన విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కునందు, భూమిని త్రవ్వు భారీయంత్రములను నిర్మించు టాటా హిటాచీ కర్మాగారము మొదలైన పరిశ్రమలు నెలకొన్నవి. కర్మాగారములలో యంత్రములను నడిపించు నియంత్రణ పెట్టెలను పీఎల్‌సీలందురు. ఇంటి ఆటొమేషన్ పెట్టెకు ఇవి అన్నగార్లవంటివి. కొన్ని పాత రకపు పీఎల్‌సీలలో ప్రోగ్రాము ఒక చిన్న బ్యాటరీ ఆధారమున నిలిచియుండును. బ్యాటరీ క్షీణించి, కరెంటును పోయినచో ప్రోగ్రామే చెరిగిపోవును. అందువలన క్రమము తెలిసిన కర్మాగారములలో ప్రతి ప్రోగ్రామునకు నకలు తీసి వేరుచోట భద్రపరతురు. మార్పు చేసినపుడెల్ల తేదీ వేసి కొత్త నకలు చేర్తురు. అర్ధరాత్రి షిఫ్టులో పెట్టె చెడినను, దానిని నిర్మించిన ఇంజనీరుకై వేచియుండక, ఆనాటి డ్యూటీలోని మనిషియే కొత్త పెట్టెను బిగించి నకలును ఎక్కించును. పగలెల్ల ఇట్టి జాగ్రత్త పాటించు మనిషి, ఇంటికి వచ్చి తన యింటి యంత్రమును ఒక్క కార్డుపై వదలివేయుట వింతయే కదా!

ఇక నకలులో ఏమేమి యుండవలెనో చూతము. హోమ్ అసిస్టెంట్ వంటి ప్రోగ్రాము తన నియమములను, పరికరముల పేర్లను, వినియోగదారుల వివరములను, గడచిన దినముల చరిత్రను కలిపి ఒకే ఫైలుగా మూటగట్టును. 2025 జనవరిలో వచ్చిన మార్పులతో, ఈ పని దినదినము దానంతట అదే జరుగునట్లును, పాత నకళ్లలో ఎన్నింటిని ఉంచవలెనో ముందే చెప్పునట్లును ఏర్పాటు కలిగినది. మూట పెద్దదైనచో పాత చరిత్రను విడిచిపెట్టవచ్చును. నియమములను మాత్రము విడువరాదు.

అయితే ఈ మూటలో చేరనివియు కొన్ని కలవు. ఇంటి రౌటరులో ఏ పరికరమునకు ఏ చిరునామా కేటాయింపబడినదో అది మూటలో నుండదు. కొత్త పెట్టెకు రౌటరు కొత్త చిరునామా నిచ్చినచో, పాత చిరునామాకే కబురు పంపుచున్న పరికరములు మూగవోవును. జిగ్‌బీ అను పద్ధతిన పనిచేయు దీపములు, స్విచ్చులు ఒక చిన్న రేడియో పుల్లతో మాటలాడుకొనును. ఆ జాలమునకు ఒక రహస్య సంకేతము కలదు. అదే పుల్లను తీసి కొత్త పెట్టెకు తగిలించినచో చిక్కులేదు. పుల్లయే పాడైనచో, దాని వివరములకును నకలు ఉండితీరవలెను. లేనిచో ఇంటనున్న ప్రతి దీపమును, ప్రతి స్విచ్చును చేతబట్టి మరల మొదటినుండి పరిచయము చేయవలసివచ్చును. ఇరువది ముప్పది పరికరములున్న ఇంట అది దినములు పట్టు పని.

నకలులో చేరనిదాని విలువ ఎంతటిదో తెలుగువారికి ఒక గొప్ప ఉదాహరణము కలదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమునందలి సంకీర్తన భాండారమున భద్రపరచిరి. తాటాకు చెదలుపట్టును, రాగి నిలుచునని ఎరిగిన దూరదృష్టి అది. శతాబ్దములు గడచిన తరువాత, ఇరువదవ శతాబ్దమున, ఆ రేకులు మరల పండితుల చేతికందినవి. సాహిత్యము వేలకొలది కీర్తనలుగా దక్కినది. ప్రతి కీర్తన తలపై రాగము పేరును దక్కినది. కాని ఆ రాగమున ఆ పాట ఎట్లు పాడబడెనో తెలుపు స్వరలిపి ఆ రేకులపై లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన విద్వాంసులు కొత్తగా స్వరపరచి ఆ పాటలకు ప్రాణము పోయవలసివచ్చెను. వారి కృషి వందనీయమైనది. ఐనను అన్నమయ్య నోట పలికిన వరుస మాత్రము దొరకలేదు. నకలు ఎంత గట్టి లోహముపై నున్నను, అందులో చేరని అంశము తిరిగి రాదు. నకలు తీయు దినముననే, దీనినుండి మరల నిర్మింపవలసివచ్చినచో ఏది కొరవడునని ప్రశ్నించుకొనుట అందువలన అవసరము.

నకలు ఎచ్చట ఉండవలెను? పెక్కు ఇండ్లలో అది ఆ పెట్టెలోని ఆ కార్డుపైననే యుండును. బీరువా తాళపుచెవిని బీరువాలోనే పెట్టి తాళము వేసినట్లు! నకళ్ల విషయమున మూడు-రెండు-ఒకటి అను సూత్రమొకటి ప్రసిద్ధమైనది. పీటర్ క్రో అను అమెరికా ఛాయాగ్రాహకుడు దానిని ప్రచారము చేసెను. అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు భిన్నమైన సాధనములపై, వానిలో ఒకటి ఇంటి వెలుపల. ఇంటికి దీనిని అన్వయించుట కష్టము కాదు. అసలు పెట్టెలో నుండును; ఒక నకలు ఇంటిలోని వేరొక కంప్యూటరుపైననో పెన్‌డ్రైవుపైననో ఉండవచ్చును; మరియొకటి ఇంటర్నెట్టు ద్వారమున దూరమందలి భాండారమునకు గాని, వేరొక ఊరిలోని తోబుట్టువు ఇంటికి గాని చేరవలెను.

ఇంటి వెలుపలి ప్రతి ఏల యనువారికి దక్షిణ కొరియాలో జరిగిన సంఘటన సమాధానము చెప్పును. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరమందలి ప్రభుత్వ సమాచార కేంద్రమున లిథియం బ్యాటరీలనుండి మంటలు పుట్టినవి. ప్రభుత్వోద్యోగులు తమ దస్త్రములను దాచుకొను జీ-డ్రైవ్ అను భాండారము అందులో దగ్ధమైనది. అందున్నది 858 టెరాబైట్ల సమాచారము. పరిమాణము మిక్కిలి పెద్దదను కారణమున దానికి వెలుపల నకలు లేకుండెను. ఏండ్ల తరబడి చేసిన పని ఒక్క అగ్నిప్రమాదమున పోయినది. సాంకేతిక విద్యలో అగ్రగామియని పేరొందిన దేశమునకే అట్టి గతి పట్టినపుడు, ఒక ఇంటి యజమాని తన పెట్టె నిండు నూరేండ్లు ఉండునని నమ్ముట ఎంతవరకు తగును?

నకలు ఇల్లు దాటి వెళ్లునపుడు వేరొక జాగ్రత్త కావలెను. ఆ మూటలో ఇంటివారు లేచు వేళ, నిద్రించు వేళ, ఇల్లు తాళము వేసి పోవు వేళ, పెక్కు పాస్‌వర్డులు కలవు. దొంగకు అంతకంటె కావలసినదేమి? అందువలన మూటకు రహస్య సంకేతముతో తాళము వేయుట మంచిది. దానికి కావలసిన కీని ప్రోగ్రామే ఇచ్చును. ఆ కీ పోయినచో మూట ఉన్నను లేనట్లే. ఎవ్వరును దానిని తెరువలేరు. కీ చెడిపోయిన పెట్టెలోనే ఉండిపోయినచో జాగ్రత్తయంతయు వ్యర్థము. దానిని కాగితముపై స్పష్టముగా వ్రాసి, ఇంటి దస్తావేజులు, బ్యాంకు పాసుపుస్తకములు ఉంచు చోటనే భద్రపరుపవలెను. కాగితము నేటికిని నమ్మదగిన మిత్రమే.

ఇప్పుడు పునరుద్ధరణ. కొత్త పెట్టెలో ప్రోగ్రామును ఎక్కించి మొదటిసారి తెరచినపుడే, కొత్త ఇంటిని మొదలిడుటకు ఒక దారియు, పాత నకలునుండి తిరిగి నిలుపుటకు ఒక దారియు కనబడును. రెండవ దారిని ఎన్నుకొని, మూటను ఎక్కించి, కీ అడిగినపుడు ఇయ్యవలెను. తరువాత ఓపికతో వేచియుండవలెను. పని ముగియక ముందే కరెంటు తీయరాదు. అంతయు ముగిసిన పిదప లోనికి ప్రవేశించుటకు పాత పేరు, పాత పాస్‌వర్డే కావలెను. కొత్త పెట్టె లేచినందున కొత్త పాస్‌వర్డు చెల్లునని పొరపడువారు కలరు. పాత పెట్టె ఒకవేళ కొనప్రాణముతో నున్నచో దానిని ఆర్పివేయవలెను; ఒకే ఇంటికి ఇద్దరు యజమానులు ఏకకాలమున ఆజ్ఞలిచ్చినచో ఏమగునో చెప్పనక్కరలేదు. పిదప ఒక జాబితా చేతబట్టి గదిగదికి తిరిగి దీపము, పంకా, మోటారు, గ్యాసు గంట ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను.

ఇదంతయు ఆపద వచ్చినపుడు చూచుకొందుమను మాట ప్రమాదకరము. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక ఇంజనీరు, రాత్రివేళ అలసటలో, ఒక కంప్యూటరుకు బదులు వేరొక కంప్యూటరుపై ఆజ్ఞ నిచ్చి ముఖ్యమైన సమాచారమును చెరిపివేసెను. ఆ సంస్థకు నకలు తీయు పద్ధతులు ఒకటి కాదు, ఐదు కలవు. తీరా చూడగా అవసరమునకు ఒక్కటియు సరిగా అక్కరకు రాలేదు. ఒకటి ప్రోగ్రాముల తరముల భేదమువలన ఎంతో కాలముగా విఫలమగుచుండెను. ఆ విఫలతను తెలుపవలసిన ఈమెయిళ్లు ఎవ్వరికిని చేరకుండెను. అదృష్టవశమున ఆరుగంటల ముందు ఒక ఇంజనీరు వేరొక పనికై తీసిన ప్రతి యొకటి దొరకినది. ఆ సంస్థ ఈ సంగతులను దాచక లోకమునకు ప్రకటించుట మెచ్చదగినది. నకలు తీయబడుచున్నదను నమ్మకమే అచ్చట అపాయమునకు మూలమైనది. తెరచి చూడని నకలును నకలుగా లెక్కింపరాదు.

ఈ మాట రైల్వే పట్టణమునకు కొత్త కాదు. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ స్టేషనునందు 800 మార్గములను నియంత్రింపగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ ప్రారంభమైనది. ఇట్టి వ్యవస్థను అమర్చినపుడు, కాగితముపై సరిగానున్నదని రైళ్లను వదలరు. ఒక్కొక్క మార్గమును, ఒక్కొక్క పాయింటును, ఒక్కొక్క సిగ్నలును పరీక్షించి, సరిపోయినదని సంతకము చేసిన పిదపనే బండి కదలును. ఇంటి పెట్టెకు అంతటి కాఠిన్యము అక్కరలేదు. ఐనను ఏడాదికొక్క ఆదివారము, ఇంటిల్లిపాది ఉన్నపుడు, పాత కార్డును తీసి పక్కన పెట్టి, వేరొక ఖాళీ కార్డుపై నకలును ఎక్కించి చూచుటకు ఒక పూట చాలును. ఆ పూట ఏమేమి కొరవడినవో ఒక కాగితముపై వ్రాసికొన్నచో, మరుసటి ఏటికి అవి కొరవడవు. ఖాళీ కార్డు వెల స్వల్పము. పాత కార్డు చెక్కుచెదరక పక్కననే యుండును గావున నష్టభయమును లేదు.

కడపటి మాట ఛార్జి అప్పగింతను గూర్చినది. కేంద్ర ప్రభుత్వోద్యోగి బదిలీపై పోవునపుడు తాళములు, రిజిస్టర్లు, నగదు లెక్కలు అన్నియు తన తరువాతివారికి అప్పగించి, ఇరువురును సంతకము చేసిన పిదపనే కదలును. ఇంటి యంత్రమునకును అట్టి అప్పగింత కావలెను. ఒక నోటుపుస్తకములో ఒకే పుట చాలును. పెట్టె ఎక్కడనున్నది, నకళ్లు ఎక్కడెక్కడ నున్నవి, కీ ఎక్కడనున్నది, పేరు పాస్‌వర్డు వ్రాసిన చోటు ఏది, కొత్త పెట్టె ఏది కొనవలెను, ఎక్కించు వరుస ఏది - ఇవి తెలుగున, ఇంటి పెద్దలు చదువగల పెద్ద అక్షరములతో వ్రాయవలెను. వ్రాసినవాడు పక్కన నిలిచి మాటలాడక, తల్లిచేతనో, భార్యచేతనో, పదవ తరగతి చదువు కుమార్తెచేతనో ఆ పుట ప్రకారము ఒకసారి పని చేయింపవలెను. వారు ఎక్కడ ఆగిపోయిరో అక్కడ పుటను దిద్దవలెను. దానితోపాటు, పెట్టె పూర్తిగా మూగవోయినను గోడమీది స్విచ్చు నొక్కిన దీపము వెలుగునట్లును, మోటారు తిరుగునట్లును మొదటనే అమర్చుట వివేకము. యంత్రము మనిషికి సాయముగా నుండవలెను గాని, అది లేనిదే ఇల్లు నిలిచిపోవు స్థితి రాకూడదు.

నాలుగు దీపములకై ఇంత శ్రమ ఏల యని అడుగువారు ఉండవచ్చును. వేడుకకు పెట్టుకొన్న రంగుల దీపములే ఐనచో ఈ శ్రమ అక్కరలేదు, పోయినచో పోవును. కాని రాత్రి లేచిన తండ్రి పాదము ఎచ్చట పడవలెనో చూపు దీపమైనచో, గ్యాసు వాసనను ముసలి ముక్కు పసికట్టలేనపుడు మ్రోగు గంటయైనచో, ఆ భారమును యంత్రముపై మోపినవారు దాని నకలు భారమును కూడ వహింపవలెను. దూరమందున్న సంతానము సెలవులలో ఇంటికి వచ్చినపుడు కొత్త పరికరమొకటి తెచ్చుటకు ముందు, ఆ నోటుపుస్తకములోని పుటను తెరచి, తేదీ చూచి, నకలును ఒకసారి ఎక్కించి చూచినచో, తల్లిదండ్రులకు అంతకు మించిన కానుక వేరొకటి యుండదు.